కలిసిన గింజలకు పర్మిట్

రైల్వేలో కొత్తగా చేరిన యువకులు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి పాత రోజుల సంగతులు చెప్పమంటారు. వారికి కావలసినవి బండ్లు పట్టాలు తప్పిన కథలు, వంతెనలు కొట్టుకుపోయిన కథలు. అటువంటివి నా దగ్గర లేవు. నేను పనిచేసిన స్టేషన్లలో ఏ బండీ పట్టా తప్పలేదు. నేను చెప్పగలిగింది ఒక తప్పు గురించి, అదీ నా తప్పు గురించి. అది నియమాన్ని ఉల్లంఘించి చేసినది కాదు, అక్షరాలా పాటించి చేసినది. అందుకే దాన్ని తప్పుగా గుర్తించడానికి నాకు మూడు వారాలు పట్టింది.

అది యుద్ధకాలం. షాద్‌నగర్‌కూ జడ్చర్లకూ నడుమ ఉన్న ఒక చిన్న స్టేషన్‌కు నన్ను మాస్టరుగా పంపారు. నాకు ముప్పై ఏళ్లు నిండలేదు. ఉర్దూలో చదువు, ఇంగ్లీషులో రైల్వే పరీక్ష, ఇంట్లో తండ్రిగారి దగ్గర తెలుగు వ్యాకరణం నేర్చిన నాకు, లోకంలో ప్రతి వస్తువుకూ ఒక గడి ఉంటుందనీ, దాన్ని ఆ గడిలో ఉంచడమే సంస్కారమనీ గట్టి నమ్మకం.

ఆ స్టేషన్ తలపుకు వస్తే ఇప్పటికీ అది నేలమీద ఉన్నట్టు తోచదు. వానలు వెనుకపట్టిన ఉదయాల్లో మంచు దిగి, చుట్టూ ఉన్న గుండ్లగుట్టలు గాలిలో తేలుతున్నట్టుండేవి. పట్టాలు పది గజాల దూరంలో కరిగిపోయేవి. ప్లాట్‌ఫారం మీద సీతాఫలాల గంపలు వరుసగా నిలబడి, ఆ తీపి వాసన టికెట్ల గదిలోకి, చివరకు నా నిద్రలోకి కూడా వచ్చేది. పొద్దున ఒక బండి పట్నం వైపు, సాయంత్రం ఒక బండి పట్నం నుంచి. ఆ రెంటికీ నడుమ గడియారం తప్ప మరేదీ కదిలేది కాదు.

నాకు తోడు ఒక పాయింట్స్‌మన్ ఉండేవాడు. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద, ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. ఈ దారిలో పట్టాలు పరచిన నాటినుంచి ఆయన అక్కడే ఉన్నాడు. ఆయనతో నాకున్న ఇబ్బంది ఒక్కటే. అడగకుండా సలహాలు చెప్పేవాడు.

ఒక ఉదయం మంచులోంచి ఎడ్లబండి ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి నడివయసు స్త్రీని ఆమె భర్త, కూతురు పట్టుకుని దించారు. ఆమె కొంగుతో ఎడమ దవడ కప్పుకుని ఉంది. దవడ లోపల రాచపుండు. మిషన్ డాక్టరమ్మ చూసి, పట్నం పెద్ద దవాఖానలో రేడియం సూదులతో వైద్యం చేస్తారనీ, రెండు నెలలు కదలకుండా అక్కడే ఉండాలనీ, నడుమ వదిలి వస్తే పుండు రెట్టింపై తిరగబడుతుందనీ చెప్పిందట. ఆమె ఊళ్లో కాన్పులు చేసే మంత్రసాని. ఆ సంగతి బండి తోలిన మనిషి చెప్పాడు. ఊళ్లో సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి ఆమెదేనన్నాడు.

ఆమె వెనుకనే రెండు చిన్న గోనెసంచులు దిగాయి.

“అందులో ఏమున్నది?” అని అడిగాను.

“గింజలు, సారు” అన్నాడు భర్త. “అమ్మనీకి గాదు. పట్నంల నా బిడ్డ వండుకొని తినేటందుకు. ఆడ రేషన్ కారటు లేనోళ్లకు పిడికెడు గూడ వుట్టదంట గద.”

“పర్మిట్ ఉన్నదా?”

లేదు. ఆ రోజుల్లో ప్రభుత్వపు పర్మిట్ లేకుండా ధాన్యం జిల్లా దాటరాదు. ప్రయాణికుడు తన వెంట ఒక చిన్న మూటెడు మాత్రం తీసుకుపోవచ్చు. ఆ ఉత్తరువును నేను స్వహస్తంతో మూడు భాషల్లో రాసి గోడకు అంటించాను. దానినే వారికి చూపించాను. చదువు రాదన్నారు. చదివి వినిపించాను.

అతడు చేతులు కట్టుకోలేదు, ‘బాంచెన్’ అనలేదు. నిటారుగా నిలబడి, ఆ గింజలు ఎలా వచ్చాయో చెప్పాడు. “మా ఇండ్లల్ల ఎసరు వెట్టే ముందు ఆడోళ్లు పిడికెడు గింజలు దేవునికని తీసి ముంతల వోస్తరు సారు. నెలకోపారి గవి మా యేసయ్య గుడికి ఇస్తరు. ఈపారి సంగమంత కూసోని, దేవుని పిడికిలి మా ఇంటామెకే ఇయ్యాలె అని ఒప్పుకున్నది. గది ఇని సాయిబుల ఇండ్లల్ల, బట్ట నేసే సాలోళ్ల ఇండ్లల్ల, పటేలింట్ల గూడ తీసిండ్రు. పైసలు ఎవరి దగ్గరున్నయి? గింజలే గద ఉండేటివి.”

అతడు నా ముందు వంగకపోవడం ఆనాడు నాకు కొంచెం నొచ్చింది. ఈ మాట రాయకుండా ఉండవచ్చు. కాని రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

“సంచులు స్టేషన్‌లో భద్రంగా ఉంటాయి. తహసీల్ కచేరీ నుంచి పర్మిట్ తీసుకురా. మరుసటి బండికే పంపిస్తాను” అన్నాను.

కూతురికి ఇరవై ఏళ్లుంటాయి. “మేం పట్నం పోయేది దవాఖానకా, పస్తులుండనీకా సారు?” అంది.

పాయింట్స్‌మన్ నా చెవి దగ్గరకు వచ్చాడు. “మాస్టర్ సాబ్, మనిషికొక మూట మాఫే గద. దినాం పదిమంది ఎక్కుతుండ్రు మన దగ్గర. తలా ఒకటి చేతికిస్తె…”

“నీ పని నువ్వు చూసుకో. సిగ్నల్ దించు.”

“మీరు మాట్లాడితె సర్కారు కాయితం జదివినట్టే ఉంటది సాబ్” అని గొణుగుతూ వెళ్లాడు.

అప్పుడు ఆమె నోరు విప్పింది. సగం నోటితో మాట్లాడుతోంది. “ఆపితె ఆపనీ తియ్యుండ్రి. బండి వస్తాంది, నన్ను ఎక్కియ్యుండ్రి.” తల్లీకూతుళ్లు ఇద్దరూ నియమం అనుమతించిన రెండు మూటలతో ఎక్కారు. భర్త పర్మిట్ కోసం ఆగిపోయాడు. బండి మంచులోకి వెళ్లి మాయమైంది. నేను సంచులకు లక్కముద్ర వేశాను.

అతడు మరునాడే కచేరీకి నడిచి వెళ్లి, దాని మరునాడు తిరిగి వచ్చాడు.

“ఏ గింజలని అడిగిండు సారు అహల్కారు. జొన్నలా, బియ్యమా, ఒకటి జెప్పుమన్నడు. అన్నీ ఉన్నయన్న. ‘అన్నీ అనే గింజ ఈ ములుకుల లేదు పో’ అన్నడు.”

నిజమే. దేవుని పిడికిలిలో ఎవరింట ఏది ఉడికితే అది పడుతుంది. పేద ఇంట జొన్న, కొర్ర, సజ్జ. కలిగిన ఇంట బియ్యం. రెండు సంచుల్లోనూ అన్నీ కలిసే ఉన్నాయి. పర్మిట్ కాగితంలోనేమో ధాన్యం పేరుకు ఒక్కటే గడి. ఆ అహల్కారు గుమాస్తా మీద నాకు కోపం రాలేదు. పైగా, మన శాఖలో ఉండవలసిన మనిషి అనుకున్నాను.

“వేరు చేయించు. నా ఎదుట తూకం వేసి, ఏ ధాన్యం ఎంతో నేనే రాసిస్తాను” అన్నాను.

మరునాడు ఊరినుంచి పది పన్నెండు మంది స్త్రీలు చాటలు, జల్లెడలు పట్టుకుని వచ్చారు. సరుకుల కొట్టు ముందు నీడలో వరుసగా కూర్చుని గింజలు ఏరసాగారు. ఆ మూడు రోజులు నా జీవితంలోకెల్లా వింత రోజులు. చాటల్లో గింజలు దొర్లే చప్పుడు ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టుండేది. వారు కోతల పాట వరుసలో ఏదో కీర్తన పాడేవారు. ఒకామె ఎత్తుకుంటే మిగతావారు అందుకునేవారు. ఆ పాట గుట్టలదాకా పోయి తిరిగి వచ్చేది. కొర్రల పసుపు, సజ్జల బూడిదరంగు, జొన్నల లేత తెలుపు, బియ్యపు తెలుపు. సాయంత్రపు ఎండలో నాలుగు చిన్న గుట్టలు లేచాయి. గింజను చూసి ఏ ఇంటిదో చెప్పగలిగేవారు. “గిది సాలోళ్ల ముసలామె బియ్యం, నూకలు సూడు” అనేవారు. “గీ జొన్నలు మా ఆడిబిడ్డవి, రాళ్లు గూడ దేవునికే ఇచ్చింది” అని నవ్వేవారు.

వారిలో ఒక వృద్ధురాలు నన్ను వదలలేదు. “ఏం సారు, దేవుడు కలిపిండు, నువ్వు ఇడదీస్తున్నవ్. తీర్పు దినాన గొర్లను మేకలను ఇడదీసే నౌకరి గూడ నీకే ఇస్తరు సూడు.”

అందరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పాయింట్స్‌మన్ వారికి కుండతో నీళ్లు తెచ్చి పోస్తూ, “ఆడ గూడ పర్మిట్ అడుగుతడమ్మా మా సాబు” అన్నాడు.

నేను నవ్వలేదు. ఆ నాలుగు కుప్పలను చూస్తూ ఉన్నాను. అంత చక్కని క్రమం నేను అంతకుముందు చూడలేదు. గుండ్రని అక్షరాలతో నాలుగు తూకాలూ రాసి, ముద్ర వేసి అతనికిచ్చాను. నాలుగు రకాలనూ వేరువేరు మూటలుగా ఆ రెండు సంచుల్లోనే పెట్టించి మళ్లీ లక్కముద్ర వేశాను. గొప్ప ఉపకారం చేశాననుకున్నాను.

అతడు కాగితం పట్టుకుని వెళ్లాడు. తహసీల్దారు దొర దౌరా మీద ఊళ్లు తిరుగుతున్నాడన్నారు. నాలుగు రోజుల తరువాత మళ్లీ వెళ్లాడు. దొర వచ్చాడు, సంతకం కాలేదు. మళ్లీ వెళ్లాడు. కొర్రలు జాబితాలో లేవట, పైకి రాశారట. వెళ్లి రావడానికి ఒక పగలంతా నడక. మిగిలిన రోజుల్లో కొట్టు మెట్ల మీద కూర్చుని సంచులకు కాపలా ఉండేవాడు. అవి ఎక్కడికీ పోవని చెప్పాను. “నాకు తెల్సు సారు. గవి ఎటూ పోవు” అన్నాడు. ఆ మాటలోని అర్థం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మూడో వారం చివర ఒక మధ్యాహ్నం అతడు కార్డు ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కూతురు చెప్పగా దవాఖానలో ఎవరో రాసిపెట్టింది. నేను పైకి చదివాను.

“నాయినకు. అమ్మకు మొదటిపారి సూదులు వెట్టిండ్రు. రెండోపారి వచ్చే మంగళారం అన్నరు. కని అమ్మ చిక్కిపోయిందని డాక్టరు కోపం జేసిండు. దవాఖానల ఆమెకిచ్చే పాలు, రొట్టె నాకు వెడ్తాంది. నేను తినకుంటె తాను ముట్టదు. తిన్న అని అబద్ధం జెప్తె నా నోరు వాసన జూస్తది. మన గింజలు ఒడిసి తొమ్మిది దినాలాయె. ఐతారం దాంక జూస్తం. రాకుంటె బండెక్కుతం. నా పుండు నాతోటే వోతది, నీ కడుపెందుకు కాలాలె అంటాంది అమ్మ.”

అతడు కార్డు వైపు వంగాడు. “గా ‘బండెక్కుతం’ అన్నది ఇంకోపారి సదువు సారు” అన్నాడు.

చదివాను. కిటికీ అవతల సీతాఫలాల గంపలు, పట్టాలు, గుట్టలు ఎప్పటిలాగే ఉన్నాయి. కాని వాటన్నిటినీ ఎవరో అద్దంలో చూపిస్తున్నట్టుగా ఉంది. ప్రాణం పోసే మందు పట్నంలో ఉంది, దానిని ముగిసేదాకా తీసుకోవడానికి కావలసిన తిండి నా కొట్టులో, నా ముద్ర కింద ఉంది. తల్లి తన రొట్టెను కూతురికి పెట్టి ఎండిపోతున్నది. ఇంత స్పష్టమైన సంగతి నాకు మూడు వారాలు కనిపించలేదు.

పాయింట్స్‌మన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “మొదటి దినమే జెప్పిన” అన్నాడు మెల్లగా. ఎగతాళిగా కాదు.

గోడమీది నా చేతిరాత ముందుకు వెళ్లి నిలబడ్డాను. ‘ప్రతి ప్రయాణికుడును తనవెంట ఒక చిన్న మూటెడు ధాన్యము తీసికొనిపోవచ్చును.’ ఆ ధాన్యం ఎవరిదై ఉండాలో అందులో లేదు. పట్నంలో దిగిన తరువాత దానిని ఎవరికి ఇవ్వకూడదో కూడా లేదు. ఆ వాక్యం రాసినవాడిని నేను. దానిలో నాకు కనిపించినది అడ్డుకట్ట మాత్రమే.

ముద్ర పగలగొట్టాను. ఆ సాయంత్రం ముగ్గురమూ కూర్చుని మూటలు కట్టాం. పాతబడి పనికిరాదని తీసేసిన పచ్చజెండాలు రెండు ఉంటే, వాటిని పీలికలు చేసి మూటలకు గుర్తుగా కట్టాడు పాయింట్స్‌మన్. ఒక్కో మూటలో అన్ని రకాలూ ఇంతింత పోశాడు. మూడు రోజులు ఏరిన గింజలు మళ్లీ కలిసిపోతుంటే నేను నోరెత్తలేదు.

మరునాడు పొద్దున టికెట్ల కిటికీలోంచి, చార్జీ తప్ప మరొక మాట ఎన్నడూ పలకని నేను, ఈ మూట పట్నందాకా తీసుకుపోయి గేటు అవతల ఇస్తారా అని ఒక్కొక్కరినీ అడిగాను. మొదట వచ్చింది సీతాఫలాలమ్మే ఆమె. సంగతి విని, “పొద్దు ఎటు వొడిసింది సారు ఇయ్యాల? నువ్వు మనుషులతోటి మాట్లాడుతున్నవ్!” అంటూ మూట అందుకుని గంపలో పెట్టుకుంది. అత్తరు అమ్మే ముసలాయన రెండు తీసుకున్నాడు. ఒకటి వెనక్కు తీసుకున్నాను. నియమం నియమమే. పట్టుపంచె వకీలుగారొకరు, “ఎవరిండ్లవో ఈ గింజలు…” అని వెనకాడారు. వెనుకనుంచి సీతాఫలాలామె, “దొరా, మిమ్ముల తినుమంటలేరు, మొయ్యిమంటున్నరు” అంది. ఆయన జేబురుమాలు పరచి, దానితో మూటను పట్టుకుని, చెయ్యి చాచినంత దూరంలో ఉంచుకుని బండి ఎక్కారు.

భర్త తన మూటతో అదే బండికి వెళ్లాడు. సాయంత్రం తిరిగి వచ్చి చెప్పాడు. కాచిగూడలో గేటు అవతల తాను నిలబడితే, పచ్చగుడ్డ మూటలు ఒక్కొక్కటే జనంలోంచి తేలుతూ వచ్చాయట. అందరికన్నా ముందు వచ్చింది వకీలుగారేనట. “ఆమె ఎట్లున్నదని అడిగిండు సారు” అన్నాడు అతడు, నమ్మలేనట్టు.

ఆ నాటినుంచి ప్రతి ఉదయం కూతురు గేటు దగ్గర నిలబడేది. ఇక్కడ మా కిటికీ ముందు, అడగకముందే జనం చేతులు చాచేవారు. కొందరు మూటలో తమది ఏదో కలిపేవారు, ఒక బెల్లపు ముక్క, నాలుగు ఉల్లిగడ్డలు, ఒక మాగిన సీతాఫలం. పాయింట్స్‌మన్ ప్రతి మూటనూ రెండు చేతుల్లో పట్టుకుని పెదవులు కదిపి ఇచ్చేవాడు. ఊళ్లోని గుడిలో ఆ వేళకే ప్రార్థన జరిగేదట. ఏ మొర ముందు చేరిందో నేను చెప్పలేను.

నాలుగైదు రోజులకు పైనుంచి నాకు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. మీ స్టేషన్ ప్రయాణికులందరి దగ్గరా ఒకే తీరు మూటలు ఎందుకున్నాయి? నేను జవాబు రాశాను: ‘వారందరూ నియమము అనుమతించినంతే తీసికొనిపోవుచున్నారు. అంతకన్న తక్కువ తీసికొనిపొమ్మనుటకు నాకు అధికారము లేదు.’ ఆ ఫైలు తిరిగి రాలేదు. సంచులు రెండూ ఖాళీ అయిన వారం తరువాత పర్మిట్ వచ్చింది. అందులో కొర్రలు లేవు.

ఇదంతా విని నన్ను మెచ్చుకోవాలనుకునే వారికి ఒక మాట. ఆమె బలం పుంజుకునేదాకా అని డాక్టరు రెండో విడత సూదులను పది రోజులు వెనక్కు నెట్టాడు. ఆ పది రోజులు నావి. వైద్యం పూర్తయింది, పుండు మానింది, ఆమె మరి నాలుగేళ్లు బతికింది. ఆ తరువాత అది మెడలో తిరగబెట్టింది. చాలా ఏళ్లకు ఒక డాక్టరుగారు బండికోసం నా గదిలో కూర్చున్నప్పుడు అడిగాను, ఆ పది రోజుల వల్లనేనా అని. ఆయన పట్టాలవైపు చూసి, అది ఎవరూ చెప్పలేరన్నారు. కాదని మాత్రం అనలేదు.

ఆమె తిరిగి వచ్చినది ఒక సాయంత్రపు బండికి. ఎండ పసుపుగా, ప్లాట్‌ఫారమంతా నీటి అడుగున ఉన్నట్టు నిదానంగా ఉంది. కూతురు ముందు దిగి చెయ్యి అందించింది. ఆమె కొంగు కప్పుకోలేదు. దవడ ఒక పక్క లోపలికి పోయి, తోలు నున్నగా మెరుస్తోంది. భర్త ఎదురు వెళ్లి మూట అందుకున్నాడు. ఆమె నేరుగా నా ముందుకు వచ్చింది.

“మా గింజలు ఆపిన సారు ఎవరు?”

పాయింట్స్‌మన్ సిగ్నల్ వైపు చూడసాగాడు.

“నేనే” అన్నాను.

“మూటలు పంపిన సారు?”

“అదీ నేనే.”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. “ఇద్దరనుకున్న బిడ్డా” అంది. “అయితె మొదటాయనకు జెప్పు. నా పిల్ల తొమ్మిది దినాలు కడుపు మాడ్చుకున్నది. నా మనసు ఇంక సల్లవడలే. రెండో ఆయనను ఐతారం మా ఇంటికి బువ్వకు రమ్మను.”

గార్డు ఈల వేస్తున్నాడు. నేను జెండా ఊపలేదని అప్పుడు తెలిసింది. బండి రెండు నిమిషాలు ఆలస్యం. ఆలస్యానికి కారణం ఇద్దరమూ ఒకటే రాయాలి. “ఇంజనుకు నీళ్లు అని రాద్దామా?” అన్నాడు గార్డు. వద్దన్నాను. ‘స్టేషన్ మాస్టరు పొరపాటు’ అని రాశాను.

ఆదివారం వారింటికి వెళ్లాను. మా వాడకూ ఆ వాడకూ నడుమ ఉన్న దూరం ఆనాటి వారికి తెలుసు, ఈనాటి వారు ఊహించుకోవాలి. రెండో ఆయనను ఒక్కడినే పంపడం ఎంత ప్రయత్నించినా నాకు సాధ్యం కాలేదు. మొదటి ఆయన కూడా వచ్చి పక్కనే కూర్చున్నాడు. ఆమె జొన్నరొట్టె, పుంటికూర తెచ్చి, ఒక క్షణం ఆగి, ఇద్దరికీ వడ్డించింది.